మంచం పక్కన లేని నర్సు

మా పెద్దమ్మది అరగొండ పక్కన పల్లె. చిత్తూరు జిల్లా, తవణంపల్లె మండలం. కొన్నేళ్ల కిందట సంక్రాంతికి పోయినప్పుడు నన్ను వసారాలో కూర్చోబెట్టి నిలదీసింది. "ఏమ్మే, నర్సు పని ఇడిసిపెట్టి టీవీల ముందర కూసునే పనిలో చేరినావంట. సూదులు ఏసేది లేదంట, కట్లు కట్టేది లేదంట. అదేం పని?"

"ఇప్పుడూ నర్సునే పెద్దమ్మా. పేషెంట్లు మాత్రం నా దగ్గర ఉండరు."

"పేషెంటు లేకుండా నర్సు ఏందే?"

ఆ పూట నాకు చేతనైనంత చెప్పాను. ఆమెకు సగమే అర్థమైంది. తప్పు ఆమెది కాదు. ఆ పనికి మన దేశంలో ఇంకా స్థిరమైన పేరు లేదు, పరీక్ష లేదు, చేతిలో పెట్టే కాగితం లేదు. అప్పుడు పెద్దమ్మకు చెప్పలేకపోయింది ఇప్పుడు కాస్త తీరిగ్గా చెప్పాలని ఈ వ్యాసం.

నేను 2002లో జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా పూర్తి చేశాను, తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివాను. తిరుపతిలో రెండు ఆసుపత్రుల ఐసీయూల్లో కలిపి పద్నాలుగేళ్లు మంచాల పక్కన నిలబడ్డాను. ఆ తర్వాత రెండున్నరేళ్లు పొరుగు రాష్ట్రంలో ఒక నగరంలో టెలి ఐసీయూ కేంద్రంలో పని చేశాను. ఇప్పుడు తిరుపతిలోనే నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను.

టెలి ఐసీయూ అంటే చిన్న ఊళ్లలోని ఐసీయూ మంచాలను దూరం నుంచి రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే గది. అక్కడ ఇంటెన్సివిస్టులు, అంటే ఐసీయూ వైద్యంలో నిపుణులైన డాక్టర్లుంటారు, నర్సులుంటారు. ఒక్కో నర్సు ముందు ఐదారు తెరలు. ఒక తెర మీద వరసగా పేషెంట్లు, ఒక్కొక్కరి గుండె వేగం, బీపీ, ఆక్సిజన్ శాతం. ఒకదాంట్లో ల్యాబ్ రిపోర్టులు. ఇంకోదాంట్లో కెమెరా. ఆ కెమెరాను దగ్గరికి లాగితే కంటిపాప ఎంత ఉందో తెలుస్తుంది, సిరంజి మీద అంటించిన లేబుల్ చదవచ్చు. వార్డులో ఐసీయూ నర్సుకు ఒకరో ఇద్దరో పేషెంట్లు ఉండాలని పుస్తకం చెబుతుంది. దూరాన కూర్చున్న నర్సు చూసేది ముప్పై నుంచి నలభై మందిని. కెమెరా తెరిచే ముందు అవతల గంట మోగించాలని మా దగ్గర కట్టుబాటు. తలుపు తట్టి లోపలికి పోయినట్టు. మంచం మీదున్నది ఆడమనిషైతే, స్పాంజి చేస్తున్నారేమో, బట్ట మారుస్తున్నారేమో అని గంట మోగించాక పది సెకన్లు ఆగేదాన్ని.

ఒక రాత్రి సంగతి చెబుతాను. ఊరి పేరు వద్దు. అరవై ఏళ్ల రైతు, కడుపులో ఇన్ఫెక్షన్ ముదిరి ఆపరేషన్ అయింది, రెండో రోజు. బీపీ నిలబెట్టడానికి సిరంజి పంపులో నార్ అడ్రినలిన్ నడుస్తోంది. మణికట్టు దగ్గర ధమనిలో సన్న గొట్టం, దానికి తగిలించిన ట్రాన్స్‌డ్యూసర్ స్టాండుకు బిగించి ఉంది. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క అది. రక్తం తోపును కరెంటుగా మార్చి తెర మీద అంకె చూపిస్తుంది. తెర మీద మీన్ ప్రెషర్ 74. అరవై అయిదు దాటితే చాలనుకుంటాం కాబట్టి 74 అంటే బంగారం. అంకె బాగుంది కదా అని అక్కడి సిస్టరు డాక్టరు ఆర్డరు ప్రకారం మందు తగ్గించుకుంటూ వస్తోంది.

రెండు దాటాక నేను యూరిన్ లెక్క చూశాను. అంతకు ముందు గంట 15 మిల్లీలీటర్లు, ఈ గంట 10. అరవై కిలోల మనిషికి గంటకు ముప్పై అయినా రావాలి. 74 ప్రెషరుంటే కిడ్నీలు అలా ముడుచుకోవు. గంట మోగించి కెమెరా తెరిచాను. మోకాళ్ల మీద చర్మం నీలంగా మచ్చలు మచ్చలుగా ఉంది. కెమెరా కాస్త వెనక్కి లాగేసరికి తెలిసింది. దుప్పట్లు మార్చడానికి మంచం పైకి ఎత్తారు, దించడం మరిచారు. స్టాండు మాత్రం ఉన్నచోటే ఉంది. అంటే ట్రాన్స్‌డ్యూసర్ ఆయన గుండెకు జానెడు కిందికి పోయింది.

ఆ డబ్బీ గుండె ఎత్తులోనే ఉండాలి. పది సెంటీమీటర్లు కిందికి జారితే బీపీ ఏడున్నర పాయింట్ల దాకా ఎక్కువ చూపిస్తుంది. గొట్టంలో నిలిచిన నీటి బరువు కూడా బీపీలో కలిసిపోతుంది. అంతే, వేరే మర్మమేం లేదు.

"చెల్లీ, మంచం కొంచెం పైకుండట్టుంది. ట్రాన్స్‌డ్యూసరు గుండె ఎత్తులో ఉండాదేమో ఒక్కసారి చూస్తావా?" అన్నాను.

ఆ అమ్మాయి వచ్చింది, చూసింది, మాట్లాడలేదు. మంచం దించి, ట్రాన్స్‌డ్యూసర్‌ను చంక మధ్య గీతకు సరిపెట్టి, మళ్లీ జీరో చేసింది. తెర మీద 56.

"అక్కా!" అంది. ఆ ఒక్క మాటే. నేను మా డాక్టరును పిలిచాను, ఆయన అవతలి డ్యూటీ డాక్టరుతో మాట్లాడారు, నార్ అడ్రినలిన్ పెంచారు. తెల్లవారుజామున ఐదింటికి ఆ గంట యూరిన్ 35.

ఈ రాత్రిలో నేను సూది వేయలేదు, మందు పట్టలేదు, పేషెంటు ఒంటి మీద చెయ్యి పెట్టలేదు. పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు ఇదే నా జవాబు. నేను చేసింది నర్సు పనే. అంకెను నమ్మకుండా ఇంకో అంకెతో సరిచూడడం, కెమెరాలో ఎక్కడ చూడాలో తెలియడం, అవతలి మనిషి నొచ్చుకోకుండా అడగడం. మొదటి రెండూ మంచం పక్కన పద్నాలుగేళ్లకు వచ్చాయి. మూడోది అక్కడ రాలేదు.

మూడోది ఎలా వచ్చిందో చెప్పే ముందు అరగొండ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ దూరపు వైద్యానికి మన దేశంలో పుట్టిల్లు మా పెద్దమ్మ ఊరికి కూతవేటు దూరంలోనే ఉంది. అరగొండ అంటే అర కొండ. హనుమంతుడు సంజీవని కొండను మోసుకుపోతుంటే సగం ముక్క ఇక్కడ పడిందని మా వైపు నమ్మకం. కొండ మీద అర్ధగిరి వీరాంజనేయస్వామి గుడి ఉంది, పక్కన కోనేరు ఉంది. ఆ నీళ్లు తాగితే రోగాలు నయమవుతాయని పున్నమికి జనం సీసాలు పట్టుకుని వస్తారు. మా అవ్వ బతికినన్నాళ్లు దేవుడి గూట్లో ఆ నీళ్ల సీసా ఉండేది.

ఆ ఊళ్లో పుట్టిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి 1983లో చెన్నైలో అపోలో ఆసుపత్రి పెట్టారు. సొంతూళ్లోనూ ఆసుపత్రి కట్టించి, దాన్ని చెన్నై స్పెషలిస్టులతో వీడియో ద్వారా కలిపారు. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. దేశంలో పల్లెటూరి టెలిమెడిసిన్ అక్కడే మొదలైందని చెబుతారు. తర్వాత ఇస్రో ఉపగ్రహ లింకు కూడా ఇచ్చింది. అప్పుడు నేను జీఎన్ఎం మొదటి సంవత్సరం. హాస్టల్లో పేపరు చదివి, 'మా పెద్దమ్మ ఊరి పక్కనే' అని గది గదికీ తిరిగి చెప్పుకున్నాను. ఆ రోజు ఫొటోల్లో డాక్టర్ల కోసం, తెరల కోసం చూశాం. రోగిని తెర ముందు కూర్చోబెట్టి, చొక్కా గుండీలు విప్పి, ఈసీజీ పట్టీలు అంటించి, చెన్నై డాక్టరు అడిగిందానికి జవాబు చెప్పేది ఎవరన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. అది నర్సే కదా.

అదే 2000 సంవత్సరంలో అమెరికాలో వర్జీనియా రాష్ట్రం నార్ఫోక్‌లో సెంటారా అనే ఆసుపత్రుల సంస్థ మొదటి టెలి ఐసీయూ తెరిచింది. జాన్స్ హాప్కిన్స్‌లో పని చేసిన ఇద్దరు ఐసీయూ డాక్టర్లు పెట్టిన విసిక్యూ కంపెనీ దానికి సాఫ్ట్‌వేరు తయారుచేసింది. ఐసీయూ డాక్టర్లు తక్కువ, మంచాలు ఎక్కువ, రాత్రిళ్లు చూసేవాళ్లు ఇంకా తక్కువ. అక్కడి కరువూ మన కరువు లాంటిదే. తర్వాతి పదేళ్లలో ఈ పద్ధతి అమెరికా అంతటా పాకింది. మన దగ్గర హైదరాబాదు, బెంగళూరు, చెన్నై లాంటి నగరాల్లో కేంద్రాలు వచ్చాయి. కోవిడ్ కాలంలో చిన్న ఊళ్లకు వెంటిలేటర్లు చేరాయి, నడపగలిగినవాళ్లు చేరలేదు. టెలి ఐసీయూ మాట మన జిల్లాల్లో అప్పుడే గట్టిగా వినపడింది.

ఇది పనిచేస్తుందా అని అడిగే హక్కు పాఠకులకుంది. రెండు పెద్ద అధ్యయనాలు చెబుతాను, రెండూ జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చినవే. 2011లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 6,290 మంది ఐసీయూ పేషెంట్ల లెక్క వేశారు. టెలి ఐసీయూ రాకముందు ఆసుపత్రిలో మరణాలు నూటికి 13.6, వచ్చాక 11.8. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు వచ్చే న్యుమోనియా అంతకంటే బాగా తగ్గింది. రెండేళ్ల ముందు, 2009లో, హ్యూస్టన్ వైపు ఆరు ఐసీయూల్లో చేసిన అధ్యయనం మాత్రం మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా లేదంది. ఈ రెండోదే నేను మా పిల్లలకు ముందు చదివిస్తాను. అక్కడ మూడింట రెండు వంతుల పేషెంట్ల విషయంలో స్థానిక డాక్టర్లు దూరపు జట్టు చేతికి పూర్తి అధికారం ఇవ్వలేదు. అవే కెమెరాలు, అవే తెరలు. అవతలివాళ్లు నమ్మకపోతే ఎవరేం చేయగలరు? కెమెరా కొనుక్కుంటే వస్తుంది. నమ్మకం కుదరాలంటే మాత్రం కెమెరా వెనక కూర్చున్న మనిషికి తగిన శిక్షణ ఉండాలి, ఆ శిక్షణ ఉందని అవతలివాళ్లకు తెలియాలి.

నమ్మకం పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో నాకు స్వయంగా తెలుసు. చేరిన రెండో నెల. ఒక చిన్న ఆసుపత్రిలో వెంటిలేటర్ పేషెంటు గొట్టంలో కఫం గరగరలాడుతోంది, ఆక్సిజన్ 89కి దిగింది. నేను స్పీకర్లో గట్టిగా అడిగేశాను: "సిస్టర్, సక్షన్ ఎందుకు చేయలేదు?" గదిలో వాళ్ల డాక్టరున్నారు, ఇంకో పేషెంటు కొడుకున్నాడు. అందరూ తిరిగి ఆ అమ్మాయి వైపు చూశారు. మరుసటి రాత్రి ఆ మంచం కెమెరా తెరిస్తే తెల్లటి చీకటి. పైన దిండు గలీబు కప్పేసి ఉంది.

ఫిర్యాదు రాయమన్నారు నన్ను. రాయలేదు. డ్యూటీ దిగాక వార్డు నంబరుకు ఫోన్ చేసి ఆ అమ్మాయిని పిలిపించుకున్నాను. "అక్కా, ఐదుగురు పేషెంట్లు, నేనొక్కదాన్నే. ఇద్దరికి వెంటిలేటర్లు. పక్క మంచంలో ఆయనకు వాంతి అయితే తుడస్తా ఉండా ఆ టైములో. మీరు పైనుంచి అట్లా అరస్తే మా సారు ముందర నా గతేంది?" అంది. ఏడవలేదు, కోపంగానే అంది. నాకు కెమెరాలో పక్క మంచం కనపడలేదు. అది నేను అడిగి తెలుసుకోవాల్సింది. పద్నాలుగేళ్లు ఒంటరి నైట్ డ్యూటీలు చేసినదాన్ని, తెర ముందు కూర్చున్న రెండు నెలల్లో అది మరిచాను. ఆ పూటే క్షమాపణ చెప్పాను. మూడో రోజు గలీబు తీసేసింది. తర్వాత ఏ గదిలోకి గంట కొట్టి పోయినా మొదట అడిగేది ఒకటే: "చేతిలో ఏం పని ఉంది చెల్లీ?"

చేరేటప్పుడు మాకు ఇచ్చిన శిక్షణ పది రోజులు. అందులో ఎనిమిది రోజులు సాఫ్ట్‌వేరు. ఏ బటన్ నొక్కితే ఏ తెర వస్తుందో నేర్పారు. మాట్లాడడం ఎవరూ నేర్పలేదు.

అమెరికాలో టెలి ఐసీయూ నర్సు పనికి ఒక పరీక్ష పెట్టారని నాకు తెలిసింది మా బ్యాచ్‌మేట్ వల్ల. జీఎన్ఎం హాస్టల్లో నా పక్క మంచం. బీఎస్సీ చేసి, అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి టెక్సస్ పోయి స్థిరపడింది. ఆమె పేరు వెనక సీసీఆర్ఎన్ అని ఉంటుంది. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ క్రిటికల్ కేర్ నర్సెస్ అనే నర్సుల సంఘం తరఫున ఇచ్చే సర్టిఫికెట్ అది, డెబ్బైల నుంచీ ఉంది. టెలి ఐసీయూలు పెరిగాక, మంచం దగ్గర లేని నర్సుల కోసం అదే సంఘం సీసీఆర్ఎన్-ఈ అని ఇంకోటి తెచ్చింది. దాని లెక్క ఎలా ఉంటుందో ఆమె చెబితే నోట్‌బుక్కులో రాసుకున్నాను. రెండేళ్లలో 1,750 గంటలు ఐసీయూ పేషెంట్లను చూసి ఉండాలి, అందులో సగం గంటలు చివరి ఏడాదిలోనివై ఉండాలి. టెలి ఐసీయూలో తెర ముందు చేసిన గంటలూ అందులో లెక్కకొస్తాయి. పరీక్ష మూడు గంటలు, 150 ప్రశ్నలు, మార్కులు 125కే. మిగతా పాతిక కొత్త ప్రశ్నల్ని పరీక్షించడానికి కలిపేవి, ఏవో మనకు తెలియదు. నూటికి ఎనభై వంతులు వైద్యం, ఇరవై వంతులు నీతి, మనుషులతో వ్యవహారం, పేషెంటు తరఫున మాట్లాడడం. పాసైతే మూడేళ్లు చెల్లుతుంది. తర్వాత మళ్లీ గంటలు చూపించాలి, కొత్త చదువు చూపించాలి, లేదా మళ్లీ పరీక్ష రాయాలి.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మంచం దగ్గరి నర్సుకూ తెర దగ్గరి నర్సుకూ ప్రశ్నపత్రం ఒకటే. దూరాన కూర్చున్నావు కదా అని తేలిక ప్రశ్నలు లేవు. తెర ముందుకు పోయేది మంచం దగ్గర ఆరితేరినవాళ్లే అన్న సందేశం అందులో ఉంది. అయితే అదే దాని లోటు కూడా అని నా అభిప్రాయం. పేపరు ఒకటే అయినప్పుడు స్పీకర్లో ఎలా మాట్లాడాలో, గలీబు కప్పిన కెమెరాను ఎలా తెరిపించాలో ఎక్కడ పరీక్షిస్తారు?

మన నర్సులు అది రాయాలంటే అమెరికా నర్సింగ్ లైసెన్సు ఉండాలి. అంటే ఇక్కడ కూర్చుని పలమనేరు, పుంగనూరు పేషెంట్లను చూసే అమ్మాయికి అది పనికిరాదు. మరి మన దగ్గర ఏముంది? ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపుతో క్రిటికల్ కేర్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే పీజీ కోర్సు ఉంది, వార్డులో పనిచేస్తూ చదివేది, మంచి కోర్సు. ఐసీయూ డాక్టర్ల సంఘం ఐఎస్‌సీసీఎం ఉద్యోగంలో ఉన్న నర్సులకు ఐడీసీసీఎన్ అనే డిప్లొమా నడుపుతోంది. ఇవన్నీ మంచం పక్కన నిలబడే నర్సును తయారుచేసేవి. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు తెచ్చింది, అవి డాక్టర్ల కోసం. అందులో నర్సు రోగి వైపు నిలబడి డాక్టరుకు సాయపడే ఆరోగ్య కార్యకర్తగా కనిపిస్తుంది. తెర అవతల కూర్చున్న నర్సు అందులో లేదు. 2023లో నర్సింగ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. పాత కౌన్సిల్ స్థానంలో కొత్త కమిషన్ వచ్చి నిబంధనలు రాయాలని ఆ చట్టం చెబుతోంది. ఈ నర్సును ఇప్పుడైనా అందులో చేర్చాలి.

ఇది నా సొంత గోడు కూడా. ఆ కేంద్రం వదిలి వచ్చేటప్పుడు నా చేతికిచ్చిన అనుభవ పత్రంలో నా హోదా 'మానిటరింగ్ ఎగ్జిక్యూటివ్' అని ఉంది. కాగితం మొత్తం మీద నర్సు అన్న మాట ఒక్కచోట కూడా లేదు. తిరుపతి వచ్చి ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, ఆ రెండున్నరేళ్లు క్లినికల్ అనుభవం కిందికి రావని తీసేశారు. వందల రాత్రులు. 56 చూసి "అక్కా!" అన్న ఆ అమ్మాయి గొంతు కూడా ఆ లెక్కలోంచి పోయినట్టే.

తిరుపతి లాంటి ఊళ్లో ఈ పనికి కావాల్సింది ఇంకా ఎక్కువ. కొండెక్కి వచ్చిన యాత్రికుడికి గుండెపోటు వస్తే అతను తమిళం మాట్లాడతాడో కన్నడమో హిందీయో తెలియదు. చిత్తూరు నర్సులకు తెలుగుతో పాటు తమిళం నాలుక మీద ఉంటుంది, అది మా సీమ పిల్లలకున్న బలం. కానీ కేంద్రంలో అంతా ఇంగ్లిషే. చిన్న ఊళ్లో కొత్తగా చేరిన సిస్టరు ఇంగ్లిషులో "ఓకే మేడం" అంటుంది, అర్థం కాకపోయినా అంటుంది. తెలుగులో "అర్థమైందా చెల్లీ, మళ్లీ చెప్పు చూద్దాం" అంటే అప్పుడు తప్పు బయటపడుతుంది. పంపు రేటు గంటకు ఐదు అని నేను చెబితే పదిహేను అని విన్న సిస్టరును అలాగే పట్టుకున్నాను ఒకసారి. విన్నది తిరిగి చెప్పించుకోవడం పరీక్షలో ఉండాలి, అదీ మన భాషలో.

మా ప్రాంతపు రోగాలూ ఉండాలి. పురుగుల మందు తాగినవాళ్లు రాని వారం మా ఐసీయూల్లో లేదు. వార్డులో ఉంటే పేషెంటు గదిలోకి అడుగు పెట్టగానే ఆ వెల్లుల్లి వాసన ముక్కుకు తగులుతుంది, మిగతాది చేతులు వాటంతటవే చేసుకుంటూ పోతాయి. తెర ముందు వాసన లేదు. అందుకే అడగడం నేర్చుకున్నాను. వాసన ఏమైనా వస్తోందా, నోట్లో చొంగ కారుతోందా, ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే తడిగా వినిపిస్తోందా, విరుగుడు మందు అట్రోపిన్ ఎక్కించాక ఆ తడి తగ్గిందా. అవతలి సిస్టరు ముక్కు, చెవి, చెయ్యి నావి కావాలి.

ఇంకొకటి కట్లపాము. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు సరిగా కనపడదు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి, మింగలేరు, ఊపిరి ఆగిపోతుంది. వెంటిలేటర్ పెట్టాక చూస్తే చెయ్యి కదలదు, కాలు కదలదు, కంటిపాప వెలుతురుకు ముడుచుకోదు. చూసినవాళ్లు మెదడు చచ్చిపోయిందనుకుంటారు. విషం పట్టుకున్నది నరాలకూ కండరాలకూ మధ్య ఉన్న లంకెను. లోపల మనిషికి తెలివి ఉంటుంది, మాటలు వినపడుతుంటాయి. కొన్ని రోజులు ఊపిరి నిలబెడితే లేచి కూర్చుంటాడు. ఒక రాత్రి అలాంటి కుర్రాడి మంచం పక్కన నిలబడి బంధువులు ఇంటికి తీసుకుపోదామని మాట్లాడుకుంటుంటే కెమెరాలో విన్నాను. అవతలి సిస్టరుకు ఫోన్ చేసి, డాక్టరును పిలిపించి వాళ్లతో మాట్లాడించాం. ఆ అమ్మాయితో ఒకటే చెప్పాను: "బిడ్డ చెవి దగ్గర కూచోని వాళ్లమ్మ పేరు చెప్పు. వింటా ఉంటాడు." ఆరో రోజు కుడి చేతి బొటనవేలు కదిలించాడు.

ఈ రెండింటికీ అమెరికా పరీక్షలో పెద్ద చోటు ఉండకపోవచ్చు. మన పరీక్షలో పెద్ద ప్రశ్నలు కావాలి. మన కాగితం మనమే రాసుకోవాలని నేను అనేది అందుకే.

నన్ను రాయమంటే ఇలా రాస్తాను. మూడేళ్లు ఐసీయూలో మంచం పక్కన చేయనివాళ్లను తెర ముందు కూర్చోబెట్టకూడదు. పుస్తకం పరీక్షతో పాటు నిజమైన కెమెరా ముందు పరీక్ష పెట్టాలి. కావాలనే మంచం ఎత్తి పెట్టి, ట్రాన్స్‌డ్యూసర్ కిందికి జార్చి, అభ్యర్థి ఎంత సేపట్లో పట్టుకుంటుందో చూడాలి. అంతకంటే ముఖ్యంగా పట్టుకున్నాక అవతలి సిస్టరుతో ఏం మాట్లాడిందో రికార్డు చేసి మార్కులు వేయాలి. ఆ మార్కులు వేసేవాళ్లలో పల్లె ఐసీయూలో పనిచేసే నర్సు ఒకరైనా ఉండాలి. రాత్రి రెండింటికి నిద్రలో ఉన్న పెద్ద డాక్టరును లేపి 'సార్, నాకు ఈ పేషెంటు బాగాలేదనిపిస్తోంది' అని చెప్పగలగడం పరీక్షించాలి. మూడేళ్లకోసారి మళ్లీ చూపించుకోవాలి. ఏటా కొన్ని రోజులు తెర వదిలి వార్డుకు పోయి చేతులు తడుపుకోవాలి. పాసైనవాళ్ల హోదాలో నర్సు అన్న మాట రాయాలి, ఆ గంటల్ని అనుభవంగా లెక్కించాలి, జీతంలో దానికి విలువ కట్టాలి. జీతం మాట లేకుండా సర్టిఫికెట్ పెడితే అది నర్సు మీద వేసే ఇంకో ఫీజు అవుతుంది. మా పిల్లలు చాలామంది ఇప్పటికే చదువు అప్పుల్లో ఉన్నారు.

ఆంధ్రప్రదేశ్‌కు ఇది కొత్త దారి కూడా కాదు. 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవని వాడకంలో మన రాష్ట్రం దేశంలో ముందు వరుసలో నిలిచింది. పల్లె క్లినిక్కులో కూర్చుని రోగిని తెర ముందుంచి పట్టణంలోని డాక్టరుతో మాట్లాడించేది బీఎస్సీ నర్సింగ్ చదివిన ఆడపిల్లలే. వేల మంది. దూరపు వైద్యం ఎలా చేయాలో వాళ్ల చేతుల్లో ఉంది. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పెద్ద ఆసుపత్రులున్నాయి, నర్సింగ్ కాలేజీలున్నాయి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి 1993 నుంచి ఉంది, దానికి సొంత నర్సింగ్ కాలేజీ ఉంది. పొరుగున వెల్లూరు సీఎంసీలో 1909 నుంచి నర్సుల చదువు నడుస్తోంది, చిత్తూరు వైపు ఇళ్లలో అక్కడ వైద్యం చేయించుకోనివాళ్లు తక్కువ. అరగొండ ఉండనే ఉంది. ఈ పరీక్ష మొదటిసారి రాయించడానికి ఇంతకంటే తగిన చోటు నాకు తోచదు. నర్సింగ్ కౌన్సిల్ పెద్దలు ఈ వ్యాసం చదివితే, పాఠ్యాంశం రాసే కమిటీలో టెలి ఐసీయూ కుర్చీలో కూర్చున్న నర్సులను ఇద్దరినైనా పెట్టమని కోరుతున్నాను.

ఈ సంక్రాంతికి మళ్లీ పెద్దమ్మ దగ్గరికి పోయాను. మోకాళ్లు నొప్పులు, అర్ధగిరి మెట్లు ఎక్కలేకపోతోంది. పక్కింటాయన కొడుకు చిత్తూరులో ఐసీయూలో ఉండి వచ్చాడని, ఆ ఆసుపత్రిలో పైన కెమెరా ఉందని చెప్పి, "ఆడ కూసునేది నీ మాదిరోళ్లే గదా?" అంది. అవునన్నాను. "వాళ్లకు పని తెలుసునో లేదో మాకెట్ల తెలస్తాది?" అంది.

మీవాళ్లు ఎవరైనా ఐసీయూలో చేరి, మంచం పైన కెమెరా కనిపిస్తే, సంకోచపడకుండా ఇన్‌ఛార్జి సిస్టరును అడగండి. రాత్రిపూట ఆ కెమెరా అవతల ఎవరుంటారు, ఆ నర్సు ఐసీయూలో ఎన్నేళ్లు చేసింది, ఏం చదివింది, మన భాష మాట్లాడుతుందా. అడిగే హక్కు మీకుంది. మీరు అడుగుతూ ఉంటే ఆసుపత్రులు జవాబు సిద్ధం చేసుకుంటాయి, ఆ జవాబు కోసమైనా ఆ కాగితం వస్తుంది.